సాఫ్ట్‌వేర్‌తో పాటు వాడుక పుస్తకం కూడా ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ రంగం గురించి ఈ మధ్య పత్రికల్లో వస్తున్న వార్తలన్నీ పెద్ద అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన నాటి నుంచి మన ఊరి పేరు మొదటి పేజీ దిగడం లేదు. సంతోషించవలసిన విషయమే. అయితే రుషికొండ మీది ఐటీ కంపెనీల అద్దాల భవనాలతో ఏ సంబంధమూ లేకుండా, ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని, మందుల షాపులకు, క్లినిక్కులకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చి బతికే డెవలపర్లు కూడా ఈ నగరంలో ఉన్నారు. వారిలో నేనొకణ్ణి. మాలో ఎక్కువమంది ఎగ్గొడుతున్న ఒక పని గురించి, దాన్ని మేము ఎగ్గొట్టకుండా చూడగలిగినవారి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ కొన్నవారికి దాన్ని ఎలా వాడుకోవాలో వారికి అర్థమయ్యే తెలుగులో రాసి ఇవ్వడమే ఆ పని.

నేను మందుల షాపులకు బిల్లింగు, స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాను. రాసేదీ, అమ్మేదీ, షాపుకు వెళ్లి ఎక్కించేదీ, ఆనక ఫోను ఎత్తేదీ నేనే. ఈ తరహా వ్యాపారం మన ప్రాంతంలో మొదటి నుంచీ ఫోను మీదే నడుస్తోంది. కొన్నవారి చేతికి అందేవి ఒక పెన్‌డ్రైవు, ఒక మొబైల్ నంబరు, "ఏదైనా ఇబ్బంది ఉంటే ఒక్క కాల్ చేయండి సార్" అన్న మాట. ఆ మాటలో మర్యాద ఉంది గానీ దానితో పని గడవదు. సాయంత్రం డాక్టర్లు క్లినిక్కులు తెరిచాక మహారాణిపేటలోనూ, గాజువాకలోనూ, పెందుర్తిలోనూ షాపులు ఒకే వేళకు కిక్కిరిసిపోతాయి. సాఫ్ట్‌వేర్‌తో చిక్కు వచ్చేదీ ఆ వేళకే. ముగ్గురు ఒకేసారి ఫోను చేస్తే ఇద్దరికి ఎంగేజ్ వస్తుంది, కౌంటరు ముందు నిలబడ్డ రోగి బంధువులు వారిని తిడతారు, వారు నన్ను తిడతారు. పైగా ఫోనులో చెప్పింది విన్నవాడి దగ్గరే ఉండిపోతుంది. కౌంటర్లో కుర్రవాడు పని నేర్చుకుని, పక్క వీధి షాపులో జీతం కాస్త ఎక్కువ ఇస్తారని తెలియగానే మానేస్తాడు. నేను చెప్పిందంతా వాడి వెంటే వెళ్లిపోతుంది, కొత్తగా చేరినవాడికి మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి.

తయారు చేసినవాడే వాడుక పుస్తకం, అంటే మాన్యువల్, రాయడం ఈ రంగంలో కొత్త సంగతి కాదు, నామోషీ పడవలసిన పనీ కాదు. నేటి సర్వర్లను, ఫోన్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లకు పూర్వరూపమని చెప్పదగిన యూనిక్స్ వ్యవస్థకు తొలి మాన్యువల్ 1971 నవంబరు 3 తేదీతో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో వెలువడింది. రాసినవారు ఆ వ్యవస్థను నిర్మించిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలే. ఒక్కొక్క ఆదేశం పేరు, వాడే తీరు, వివరణ వరుసగా చెప్పి, అందులో తమకు తెలిసిన లోపాలేమిటో కూడా వారు ఒక శీర్షిక కింద రాసి పెట్టారు. యాభై ఏళ్లు దాటినా ఆ అలవాటు ఆ తరహా మాన్యువళ్లలో కొనసాగుతూనే ఉంది. మన దగ్గర అమ్ముడయ్యే చిన్న సాఫ్ట్‌వేర్లలో అటువంటి శీర్షిక నాకు ఇంతవరకు కనబడలేదు. నా సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే వాడుక సూచనల్లో, అంటే హెల్ప్ పేజీల్లో మాత్రం "ఈ సాఫ్ట్‌వేర్ చేయలేని పనులు" అని ఒక పేజీ పెట్టాను. రెండు బ్రాంచీల స్టాకును ఒకే తెర మీద చూపలేదని, ఒకే బిల్లుకు కొంత నగదు, కొంత యూపీఐ తీసుకుంటే విడదీసి రాయలేదని అందులో స్పష్టంగా ఉంటుంది. అది చదివి కొనకుండా వెళ్లినవారూ ఉన్నారు. కొన్నాక తెలుసుకుని పదిమందిలో చెడ్డగా చెప్పుకోవడం కన్నా ముందే వెళ్లిపోవడం వారికీ మేలు, నాకూ మేలు.

హెల్ప్ పేజీ రాయడం వల్ల ముందుగా బాగుపడేది సాఫ్ట్‌వేరే అన్నది నా గట్టి అభిప్రాయం. ఒక ఉదాహరణ చెబుతాను. మందుల షాపువారు మాత్రలను అట్టల లెక్కన కొంటారు, అమ్మేటప్పుడు తరచుగా విడిగా అమ్ముతారు. పదిహేను మాత్రల అట్టలోంచి నాలుగు చాలునని కొనేవాడు అడుగుతాడు. బిల్లు తెర మీద సంఖ్య వేసే గడిలో 4 అని కొడితే అది నాలుగు అట్టలు కావాలా, నాలుగు మాత్రలు కావాలా? అట్టల సంఖ్యకూ మాత్రల సంఖ్యకూ మధ్య చుక్క పెట్టి, ఒక అట్టా నాలుగు మాత్రలైతే 1.4 అని కొట్టే పద్ధతి ఒకటి నేను అనుకున్నాను. ప్రోగ్రాము రాసేవాడికి అది ముచ్చటగానే ఉంటుంది. దాన్ని వివరించే పేజీ రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం, 1.4 అంటే ఒకటీ నాలుగు పదో వంతులు కాదని, 1.1కీ 1.10కీ మధ్య తొమ్మిది మాత్రల తేడా ఉందని, చుక్క మరిచిపోతే పద్నాలుగు అట్టలకు బిల్లు పడుతుందని, ఇలా ఒక్కొక్క హెచ్చరికే చేరి పేజీ పాకిపోయింది. వాడేవాడికి అన్ని హెచ్చరికలు అవసరమయ్యే గడి గడి కాదు, గొయ్యి. ఆ పేజీని చెరిపేసి, తెర మీదనే అట్టలకు ఒక గడి, విడి మాత్రలకు ఒక గడి పెట్టాను. ఇప్పుడు ఆ విషయానికి హెల్ప్‌లో రెండు వాక్యాలు చాలుతున్నాయి. కోడ్ రాసేటప్పుడు ఈ సంగతి తట్టదు, ఎందుకంటే కోడ్ రాసేవాడు యంత్రంతో మాట్లాడుతుంటాడు. ఏమీ తెలియని ఒక మనిషికి వాక్యాల్లో చెప్పవలసి వచ్చినప్పుడే తాను కట్టిన ఇంటికి గుమ్మం ఎక్కడుందో వెతుక్కుంటాడు.

అదే పేజీలో ధర లెక్క కూడా చెప్పవలసి వచ్చింది. రూ. 32 ముద్రించిన పదిహేను మాత్రల అట్టలో ఒక్కొక్క మాత్ర ధర రూ. 2.13 పైచిలుకు పడుతుంది. రూ. 2.14కు సవరిస్తే పదిహేనూ విడిగా అమ్మేసరికి రూ. 32.10 అయి ఎం.ఆర్.పి. దాటిపోతుంది, అది కూడదు. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ కిందికే సవరిస్తుంది, అట్ట మొత్తం విడిగా అమ్ముడైతే అయిదు పైసలు తక్కువ వస్తుంది. ఈ వివరణ హెల్ప్‌లో లేకపోతే, నెలాఖరున లెక్క చూసుకునే యజమాని తన సొమ్ములో కొంత సాఫ్ట్‌వేర్ మింగేస్తోందని అనుకుంటాడు. అనుకోవడంలో తప్పు కూడా లేదు.

ఏం చేయాలో చెప్పి, ఎందుకు చేయాలో చెప్పకపోవడం మన వాడుక పుస్తకాల్లో మరో లోపం. కొన్ని యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, మత్తు కలిగించే కొన్ని మందులు చేరిన, ఔషధ నిబంధనల్లోని హెచ్1 షెడ్యూలు 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఆ జాబితాలోని మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. బిల్లు వేసేటప్పుడు తెర ఆ పేర్లు అడుగుతుంది. ఎందుకు అడుగుతోందో తెలియని కుర్రవాడు తొందరలో ఒక చుక్కో, రెండు అక్షరాలో కొట్టి ముందుకు పోతాడు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి రిజిస్టరు అడిగిన రోజున యజమాని తల పట్టుకుంటాడు. ఆ గడి పక్కనే ఒక్క వాక్యంలో కారణం రాస్తే చాలామంది సరిగానే నింపుతారు. నిబంధన అంటే గౌరవం లేక కాదు, అది నిబంధన అని ఎవరూ చెప్పక వదిలేస్తున్నారు.

పెద్ద పెద్ద సంస్థల హెల్ప్ పుస్తకాలను చూసి మనవాళ్లు నేర్చుకున్న చెడ్డ అలవాటు ఒకటుంది. తెర మీద మెనూలు ఏ వరుసలో ఉంటే పుస్తకంలో అధ్యాయాలూ అదే వరుసలో ఉంటాయి. ఫైల్ మెనూలో ఏముంది, రిపోర్టుల మెనూలో ఏముంది, ప్రతి మీట ఏం చేస్తుంది అని చెప్పుకుంటూ పోతారు. మెనూల పేర్లు తెలుసుకోవాలని ఏ షాపు యజమానీ పుస్తకం తెరవడు. గడువు తీరిన మందులు స్టాకిస్టుకు తిప్పి పంపడం ఎలా, నిన్న వేసిన బిల్లులో తప్పు దిద్దడం ఎలా, సాయంత్రం గల్లాపెట్టెలో ఉన్న డబ్బు తెర చూపే మొత్తంతో కలవకపోతే ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్నలతో తెరుస్తాడు. కాబట్టి ఆ ప్రశ్నలే శీర్షికలు కావాలి. ఐబీఎం పరిశోధన కేంద్రంలో జాన్ కరోల్ 1980ల్లోనే, ఆఫీసు ఉద్యోగులు కొత్త యంత్రాన్ని ఎలా నేర్చుకుంటున్నారో పక్కన కూర్చుని గమనించాడు. మనుషులు మాన్యువల్‌ను మొదటి నుంచి చదవరని, ముందు పనిలో దిగిపోతారని, ఎక్కడో చిక్కుకున్నాకనే పుస్తకం వైపు చూస్తారని ఆయన తేల్చాడు. నిజమైన పనులతో మొదలయ్యే, తప్పు జరిగితే ఎలా బయటపడాలో చెప్పే సన్నని పుస్తకమే లావుపాటి దాని కన్నా బాగా పనిచేస్తుందని చూపించాడు. ఇటీవల డానియేలె ప్రొసీడా అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ప్రతిపాదించిన పద్ధతి ఇంకా ముందుకు వెళ్లి, సాఫ్ట్‌వేర్ పత్రాలను పాఠాలు, ఒక్కో పని ఎలా చేయాలో చెప్పే పని సూచికలు, సమాచార పట్టికలు, వివరణలు అని నాలుగుగా విడగొడుతుంది. పెద్ద బృందాలకు అది మంచిదే. ఒంటరిగా పనిచేసేవాడు నాలుగింటి వెంట పడితే ఏదీ పూర్తి కాదు, ముందు పని సూచికలు రాసుకుంటే చాలు, మిగిలినవి అడిగినప్పుడు చూసుకోవచ్చు.

తెర మీద కనబడే లోపం సందేశమే అన్నిటికన్నా ముందు చదివే హెల్ప్ పేజీ అని కూడా మనం మరిచిపోతున్నాం. "ఇన్‌వాలిడ్ ఎంట్రీ" అని ఎర్ర అక్షరాల్లో వస్తే కౌంటర్లో ఉన్నవాడికి తెలిసేది తానేదో తప్పు చేశాననే. దాని బదులు, "బ్యాచ్ నంబరు గడి ఖాళీగా ఉంది. బిల్లు చెరిగిపోలేదు. అట్ట వెనుక ముద్రించిన నంబరు చూసి కొట్టండి. నంబరు కనబడకపోతే సహాయం కోసం ఎఫ్1 నొక్కండి" అని వస్తే ఫోను చేసే అవసరం రాదు. ఇందులో నేను ముఖ్యమనుకునేది రెండో వాక్యం. లోపం రాగానే మనిషికి కలిగే మొదటి భయం ఇంతసేపూ కొట్టింది పోయిందేమోనని, ఆ భయం తీరితే గాని తరువాతి మాట అతని బుర్రకెక్కదు.

ఇక హెల్ప్ పేజీలు పాతబడడం గురించి. జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరు 3న నిర్ణయించి, అదే నెల 22, సోమవారం నుంచి పన్ను రేట్లు మార్చినప్పుడు అప్పటివరకు 12 శాతంలో ఉన్న మందులు 5 శాతానికి వచ్చాయి, ప్రాణరక్షక మందులు కొన్నింటికి పన్నే లేకుండా పోయింది. అలమారల్లో ఉన్న అట్టల మీద పాత ఎం.ఆర్.పి. అలాగే ఉంది. తయారీదారులు పంపే సవరించిన ధరల పట్టిక ప్రకారం అమ్మాలన్నారు. ఆ ఆదివారం రాత్రి ఏ షాపు యజమానికైనా కావలసింది ఒక్క పేజీ మాత్రమే. చేతిలో ఉన్న స్టాకుకు రేట్లు ఏ తెర మీద మార్చాలి, పాత ధర ముద్రించిన అట్టను కొత్త ధరకు ఎలా బిల్లు చేయాలి, 22కు ముందు అమ్మిన మందు తరువాత వాపసు వస్తే పాత బిల్లులోని రేటునే చూపడానికి ఏం నొక్కాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ శక్తి ఉండడం వేరు, ఉందని ఆ రాత్రి వాడేవాడికి తెలియడం వేరు. మా వృత్తిలో చాలామంది సోమవారం ఉదయం కొత్త వెర్షన్ పంపించారు, హెల్ప్‌లో మాత్రం 12 శాతం చూపించే పాత బొమ్మలు అలాగే ఉండిపోయాయి. తప్పు చెప్పే హెల్ప్ పేజీ లేని పేజీ కన్నా చెడ్డది, ఎందుకంటే ఒకసారి మోసపోయినవాడు మిగతా పేజీలను కూడా నమ్మడు.

అందుకే హెల్ప్ రాతను కోడ్ ఉన్న చోటనే, ప్రతి మార్పునూ నమోదు చేసి ఉంచే అదే గిట్ భాండాగారంలో, సాదా అక్షరాల ఫైళ్లుగా ఉంచడం మంచిది. తెర మారినప్పుడు పేజీ మారిందా లేదా అన్నది చూడకుండా కొత్త వెర్షన్ విడుదల చేయకూడదన్న నియమం పెట్టుకోవాలి. ప్రతి పేజీ అడుగున ఏ వెర్షన్‌కు, ఏ తేదీన సరిచూశామో ఉండాలి. తెర బొమ్మలు ఎంత తక్కువైతే అంత మేలు, పది బొమ్మల పేజీని దిద్దడానికి ఏ ఒంటరి డెవలపరూ కూర్చోడు. వేసిన ఒకటి రెండు బొమ్మల్లోనైనా నిజమైన షాపు డేటా వాడకూడదు. ఒక మాన్యువల్‌లో రోగుల పేర్లు, వారు వాడే మందులతో సహా, అచ్చై ఉండడం నేను కళ్లారా చూశాను. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చిన దేశంలో, ఆ చట్టం మాట ఎలా ఉన్నా, అది చేయదగిన పని కాదు.

తెలుగులో రాయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ప్రపంచ లిపుల్లోని ఒక్కొక్క అక్షరానికి కంప్యూటర్‌లో ఒక సంకేత సంఖ్యనిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లో మొదట వచ్చినప్పుడే అందులో తెలుగు లిపికి చోటుంది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికే గౌతమి ఫాంటు కంప్యూటర్లలోకి వచ్చింది. ఇప్పటికీ చాలామంది హెల్ప్‌ను డీటీపీ సెంటరుకు ఇచ్చి యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టించి పీడీఎఫ్ చేయిస్తున్నారు. చూడడానికి అందంగానే ఉంటుంది, వెతికితే ఒక్క మాటా దొరకదు. యూనికోడ్‌లో రాసినా వెతుకులాట దగ్గర ఒక చిక్కు ఉంది. "ఎక్స్‌పైరీ" అని రాసేటప్పుడు పొల్లు తరువాత కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది, అది లేకపోతే తరువాతి అక్షరం ఒత్తుగా మారిపోతుంది. వెతికే మనిషి తన ఫోను కీబోర్డుతో కొట్టినప్పుడు ఆ గుర్తు పడవచ్చు, పడకపోవచ్చు. రెండు మాటలూ మనిషికి ఒకటే, యంత్రానికి వేరు వేరు. పోల్చే ముందు వెతికే మాటలోంచీ, పేజీలోని మాటలోంచీ ఆ గుర్తును తీసేయాలి. నాలుగు వరుసల కోడ్‌తో తీరే ఈ సమస్య వల్ల తెలుగు హెల్ప్ "పనిచేయదు" అన్న పేరు వచ్చింది. వాడేవారు రోమన్ లిపిలో కొట్టి వెతికినా పేజీ దొరికేలా ఆ మాటలను కూడా లోపల జతచేయాలి. తెలుగు అన్నాను గానీ పాఠ్యపుస్తకాల పరిభాష అవసరమని కాదు. షాపులో బిల్లు, బ్యాచ్, స్టాకు, బాకీ అని ఎలా అంటారో పేజీలో అలాగే ఉండాలి.

హెల్ప్ ఇంటర్నెట్‌లో పెట్టాం కదా అనే సమాధానం విశాఖవాసులకు చెప్పదగినది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీదుగా తీరం దాటిన తరువాత కరెంటూ, ఫోన్లూ రోజుల తరబడి లేవు, మందుల అవసరం మాత్రం అటువంటప్పుడే ఎక్కువ. హెల్ప్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి, ఎఫ్1 నొక్కితే ఉన్న తెరకు సంబంధించిన పేజీయే రావాలి. ఇవి కాక కంప్యూటరే పనిచేయని రోజున చేతిరాత బిల్లులు ఎలా రాయాలో, కరెంటు వచ్చాక వాటిని పాత తేదీలతో ఎలా ఎక్కించాలో చెప్పే ఒక్క కాగితం అచ్చు వేసి గల్లాపెట్టె దగ్గర అతికించి రావాలి.

రాయడం దేనికి, యూట్యూబ్‌లో వీడియో పెడితే చాలు కదా అని మా వాళ్లు అంటారు. మొదటి రోజు పరిచయానికి వీడియో పనికొస్తుంది, కాదనను. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉండగా, తనకు కావలసిన పది సెకన్ల సంగతి పన్నెండు నిమిషాల వీడియోలో ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. ఒక మీట పేరు మారితే పేజీలో ఒక్క మాట దిద్దవచ్చు, వీడియో మళ్లీ మొదటి నుంచి తీయాలి, తీయరు. ఇక కృత్రిమ మేధతో హెల్ప్ రాయిస్తే సరి అనే కొత్త మాట. వాక్యాలు సాఫుగానే వస్తాయి. కానీ మన సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో మనం చెప్పనిదే దానికి తెలియదు, తెలియనప్పుడు ఊరుకోకుండా, అటువంటి సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా ఉండే మీటలను ఇందులోనూ ఉన్నట్టు రాసేస్తుంది. లేని మీట కోసం కౌంటర్లో కుర్రవాడు తెర అంతా వెతుకుతాడు. అచ్చుతప్పులు చూడడానికి, పొడుగు వాక్యాన్ని విడగొట్టడానికి వాడుకోవచ్చు గానీ, ప్రతి అడుగునూ తెర ముందు కూర్చుని నొక్కి చూసుకోవలసింది డెవలపరే.

ఎంత రాసినా ఎవరూ చదవరన్న నిస్పృహ మాలో అందరికీ ఉంది. పేజీ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం చెబుతాను. అచ్చు తీసిన పేజీని, సాఫ్ట్‌వేర్ కొత్తగా చూస్తున్న ఒకరి చేతికిచ్చి, ఆ పని చేయమని చెప్పి, పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. అతని వేలు ఎక్కడ ఆగిపోతే పేజీలో అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. నోరు మూసుకోవడం ఇందులో కష్టమైన భాగం. మనం కట్టిన తెర మీద మనిషి తడబడుతుంటే "అది కాదు, పక్కది" అనకుండా ఉండడం తయారు చేసినవాడికి చేతకాదు. అలా దిద్దిన పేజీలను జనం చదువుతున్నారు. ఫోను మోగడం పూర్తిగా ఆగలేదు గానీ, మోగినప్పుడు "పేజీలో మూడో మెట్టు దగ్గర ఆగింది" అని చెబుతున్నారు, అప్పుడు మాట తొందరగా తేలిపోతుంది.

దీన్ని డెవలపర్ల మంచితనానికి వదిలేస్తే జరిగే పని కాదు కాబట్టి, జరిపించగలిగినవారికి కొన్ని విన్నపాలు. సరైన వాడుక సూచనలు ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడవుతాడని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. ఆ నిబంధన ప్రధానంగా వస్తువులను ఉద్దేశించినదే అయినా, సూచనలు వస్తువులో భాగమన్న దృష్టి అందులో ఉంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, మునిసిపల్ కార్పొరేషన్లు సాఫ్ట్‌వేర్ చేయించుకునే టెండర్లలో తెలుగు వాడుక పుస్తకాన్ని విడిగా ఒక అంశంగా చేర్చి, అది అందే వరకు చెల్లింపులో కొంత నిలిపి ఉంచాలి. ఇంజినీరింగ్ కళాశాలల్లో చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు రికార్డు అని లావుపాటి బైండు పుస్తకం సమర్పిస్తారు. అందులో బొమ్మలు, చార్టులు, సిద్ధాంతాలు అన్నీ ఉంటాయి, ఆ ప్రాజెక్టును ఎలా వాడాలో తప్ప. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ఆ మార్కుల్లో కొన్నింటిని, వేరే శాఖ విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా చదివి ప్రాజెక్టును నడపగలిగిన వాడుక పుస్తకానికి కేటాయిస్తే, మరుసటి ఏడాదే ఉద్యోగాలకు వచ్చే పిల్లల రాతలో తేడా కనిపిస్తుంది.

షాపుల యజమానులకు ఒక మాట. సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవాడు గబగబా మీటలు నొక్కి రంగురంగుల రిపోర్టులు చూపిస్తుంటే కాసేపు ఆపండి. ఎఫ్1 నొక్కమనండి. గడువు తీరిన మందులు తిప్పి పంపే పేజీ తెరవమని, దాని అడుగున తేదీ ఎంతుందో చూపించమని అడగండి. ఆ పేజీని మీ కౌంటర్లో అందరికన్నా కొత్తగా చేరినవాడి చేత చదివించి, వాడి చేతనే ఆ పని చేయించండి. చేయలేకపోతే ధరలో నాలుగో వంతు ఆపి, పేజీ దిద్ది తెచ్చాక ఇస్తానని చెప్పండి. నా సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు కూడా ఇదే చేయండి.

ఇట్లు,
మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక పాఠకుడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.